ఏరియేటర్ ప్యానెల్‌కు ఫోన్ నుంచి బ్లూటూత్‌లో బైట్లు పంపడం ఎలా

రొయ్యల గుంటకు గండమంతా రాత్రిపూటే. పగలు ఎండకు నీళ్లలోని ప్లాంక్టన్ ఆక్సిజన్ తయారు చేస్తుంది. పొద్దుగూకాక అదే ప్లాంక్టన్ రొయ్యలతో పాటు ఆ ఆక్సిజన్‌ను వాడేసుకుంటుంది. డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోయేది తెల్లవారుజామునే. నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట మండలం గుంటల మీద నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు రాత్రంతా వినిపించేది అందుకే.

మైపాడు దగ్గర మా బావకు రెండు గుంటలున్నాయి, నాలుగు ఏరియేటర్లు. ఏ ఏరియేటర్ ఎంతసేపు తిరగాలో షెడ్డులో మంచం దగ్గర్నుంచే ఫోన్‌లో పెట్టుకునేలా చేసిపెట్టమని అడిగాడు. ఆ పని చేస్తూ నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. మీ దగ్గర రొయ్యలు కాకుండా తోటకు నీళ్లు పెట్టే మోటారున్నా, ఇంట్లో లైట్లున్నా పద్ధతి ఇదే. ఫోన్‌లోని అంకె గాలిలో బైట్లుగా వెళ్లి, అవతల చిప్‌లో మళ్లీ అదే అంకెగా నిలబడాలి. "అదే అంకెగా" అన్న దగ్గరే అసలు కష్టమంతా ఉంది.

ముందు సామాను

ఆర్డుయినో ఊనో బోర్డు (మనం రాసిన ప్రోగ్రామ్‌ను నడిపే చిన్న చిప్ బోర్డు) ఒకటి, హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్ ఒకటి, నాలుగు రిలేల (బోర్డు ఆర్డర్ మీద పడే స్విచ్చుల) మాడ్యూల్ ఒకటి, ఒక 1 కిలో ఓమ్ రెసిస్టర్, ఒక 2 కిలో ఓమ్ రెసిస్టర్, జంపర్ వైర్లు, ఒక ఆండ్రాయిడ్ ఫోన్. 2 కిలో ఓమ్ దొరక్కపోతే రెండు 1 కిలో ఓమ్‌లు వరసగా కలిపినా సరే. యాప్‌ను ఎంఐటీ యాప్ ఇన్వెంటర్‌లో చేస్తాం. బ్లాకులు పేర్చడమే కాబట్టి ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా చేసుకోవచ్చు.

ఐఫోన్ ఉన్నవాళ్లకు ఈ మాడ్యూల్ పనికిరాదు. హెచ్‌సీ-05 వాడేది పాత తరహా బ్లూటూత్‌లోని సీరియల్ పోర్ట్ ప్రొఫైల్. ఐఫోన్‌లోని మామూలు యాప్‌లు దాంతో మాట్లాడలేవు. వాళ్లు బీఎల్ఈ (తక్కువ కరెంటు వాడే కొత్త తరహా బ్లూటూత్) ఉన్న హెచ్ఎం-10 కానీ, ఈఎస్‌పీ32 కానీ తీసుకోవాలి. బీఎల్ఈలో మామూలుగా ఒక్క విడతకు 20 బైట్లే పోతాయి. మనం పంపేది ఐదే కాబట్టి ఇబ్బంది లేదు.

అక్షరం వేరు, బైటు వేరు

ఎక్కువమంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఒక బైటులో 0 నుంచి 255 దాకా ఏ అంకైనా పడుతుంది. ఫోన్‌లో మీరు 5 అని టైప్ చేసి టెక్స్ట్‌గా పంపితే అవతలికి వెళ్లేది 5 కాదు, ఆ అక్షరానికి కంప్యూటర్లు వాడే ఆస్కీ పట్టికలో ఉన్న నంబర్ 53. టెక్స్ట్‌గా 510 పంపితే 53, 49, 48 అని మూడు బైట్లు వెళతాయి. ఆర్డుయినో వైపూ అంతే. సీరియల్ ప్రింట్‌తో 5 పంపితే బయటికొచ్చేది 53, సీరియల్ రైట్‌తో పంపితే అచ్చంగా 5. ఫోన్‌లో దొరికే బ్లూటూత్ టెర్మినల్ యాప్‌లలో చాలావరకు మీరు టైప్ చేసినదాని వెనకే 13, 10 అనే రెండు బైట్లను కూడా తగిలిస్తాయి. అవి కొత్త లైన్ గుర్తులు. లెక్క తేలకుండా ఎక్కడో రెండు బైట్లు ఎక్కువ వస్తున్నాయంటే మొదట వీటినే అనుమానించండి.

ఒకే మోటారును ఆన్, ఆఫ్ చేయడమే మీ పనైతే ఒక అక్షరం పంపితే చాలు, ఇంత దూరం రావక్కర్లేదు. నాలుగు మోటార్లు, ఒక్కోదానికి వేరు వేరు నిమిషాలు అన్నప్పుడు టెక్స్ట్‌గా మార్చని అచ్చమైన బైట్లే సుఖం. ప్రతి మెసేజ్ ఒకే పొడవు ఉంటుంది. కామాలు వెతకడం, అక్షరాలను అంకెలుగా మార్చడం ఏదీ ఉండదు.

మెసేజ్ ఎలా ఉండాలో కాగితం మీద రాసుకోండి

యాప్ తెరవక ముందే, ఆర్డుయినోను కంప్యూటర్‌కు తగిలించక ముందే ఈ పని చేయండి. మేం ఐదు బైట్ల మెసేజ్ పెట్టుకున్నాం.

మొదటి బైటు ఎప్పుడూ 170. మెసేజ్ ఇక్కడ మొదలవుతుందని చెప్పే గుర్తు అది. రెండోది ఆర్డర్: 1 నుంచి 4 అయితే ఆ నంబరు ఏరియేటర్‌ను నడపమని, 11 నుంచి 14 అయితే ఆపమని. మూడు, నాలుగు బైట్లు కలిసి నిమిషాలు. ఐదోది చెక్‌సమ్, అంటే మధ్యలోని మూడు బైట్ల కూడిక. కూడిక 255 దాటితే 256తో భాగించగా మిగిలిన శేషం.

నిమిషాలకు రెండు బైట్లు ఎందుకంటే, ఒక్క బైటులో 255 నిమిషాల దాకే పడుతుంది, అంటే నాలుగుంపావు గంటలు. రాత్రి పదింటికి మొదలుపెట్టి పొద్దున ఆరున్నర దాకా నడపాలంటే 510 నిమిషాలు కావాలి. 510ని 256తో భాగిస్తే భాగఫలం 1, శేషం 254. భాగఫలం ముందు, శేషం వెనక పంపాలని నిర్ణయించుకున్నాం. మూడో ఏరియేటర్‌కు ఈ ఆర్డర్ వెళ్లాలంటే చెక్‌సమ్ 3 + 1 + 254, అంటే 258. అందులోంచి 256 పోతే 2. గాల్లోకి వెళ్లే మెసేజ్ మొత్తం ఇది:

170, 3, 1, 254, 2

ఈ ఐదు అంకెలనూ నోట్‌బుక్‌లో పెద్దగా రాసి పెట్టుకోండి. చివరి దాకా వీటితోనే పని.

రెండు జాగ్రత్తలు. "ఇప్పుడున్నదానికి తిప్పు" అనే తరహా ఆర్డర్ ఎప్పుడూ పెట్టొద్దు. సిగ్నల్ తడబడి యాప్ ఆ మెసేజ్‌ను రెండుసార్లు పంపిందంటే ఆన్ అయిన మోటారు మళ్లీ ఆఫ్ అయిపోతుంది. "510 నిమిషాలు నడువు" అన్న ఆర్డర్ మూడుసార్లు వెళ్లినా నష్టం లేదు. ఇక రెండోది, నడపమనే ఆర్డర్‌లో సున్నా నిమిషాలు వస్తే తీసుకోకూడదు. యాప్‌లో బాక్స్ ఖాళీగా వదిలేస్తే సున్నా వెళ్లే అవకాశం ఉంటుంది. ఆపడానికి వేరే నంబర్లు పెట్టింది అందుకే.

వైరింగ్

హెచ్‌సీ-05 వీసీసీని (కరెంటు తీసుకునే పిన్‌ను) ఊనో 5 వోల్టులకు, గ్రౌండ్‌ను గ్రౌండ్‌కు కలపండి. మాడ్యూల్ టీఎక్స్ (బైట్లు పంపే పిన్) నుంచి ఊనో 10వ పిన్‌కు నేరుగా వైరు వేయొచ్చు. తిరుగుదారిలో మాత్రం జాగ్రత్త. ఊనో 11వ పిన్ నుంచి వచ్చేది 5 వోల్టులు, మాడ్యూల్ ఆర్ఎక్స్‌కు (బైట్లు అందుకునే పిన్‌కు) కావాల్సింది 3.3. అందుకని 11వ పిన్ నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్ గుండా ఆర్ఎక్స్‌కు కలిపి, ఆర్ఎక్స్ నుంచి గ్రౌండ్‌కు 2 కిలో ఓమ్ పెట్టాలి. 5 వోల్టుల్లో మూడింట రెండు వంతులు, అంటే 3.3 వోల్టులే అక్కడ నిలుస్తుంది. రెసిస్టర్లు లేకుండా కలిపినా కొన్నాళ్లు పనిచేస్తుంది. ఆ కొన్నాళ్లను నమ్ముకుని గుంట మీద పెట్టకండి.

మాడ్యూల్‌ను 0, 1 పిన్‌లకు ఎందుకు కలపకూడదంటే, యూఎస్‌బీ కేబుల్ కూడా ఆ దారే వాడుకుంటుంది. ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు రెండూ కొట్టుకుని అప్‌లోడ్ ఆగిపోతుంది. 10, 11 మీద సాఫ్ట్‌వేర్ సీరియల్ లైబ్రరీతో 9600 స్పీడు (సెకనుకు అన్ని బిట్లు) చక్కగా నడుస్తుంది.

కరెంటు ఇవ్వగానే మాడ్యూల్ ఎల్ఈడీ గబగబా మినుకుమినుకుమంటుంది. ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో వెతికి పెయిర్ చేయండి, పిన్ 1234. ఈ పిన్ లోకమంతటికీ తెలుసు కాబట్టి తర్వాత మార్చుకోవాలి. మాడ్యూల్ మీద చిన్న బటన్ నొక్కి పట్టుకుని కరెంటు ఇస్తే సెట్టింగ్స్ మార్చుకునే ఏటీ మోడ్‌లోకి వెళుతుంది. అప్పుడు స్పీడు 38400, ఎల్ఈడీ రెండు సెకన్లకోసారి నిదానంగా వెలుగుతుంది. పక్క గుంటవాళ్లూ ఇలాంటిదే పెట్టుకుంటే తికమక పడకుండా పేరు కూడా అక్కడే మార్చేయండి.

ఆర్డుయినో ప్రోగ్రామ్

ఐదు బైట్లూ ఒక్కసారే వచ్చి పడతాయని అనుకోవద్దు. 9600 స్పీడులో ఒక బైటుకు సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది, లూప్ (ప్రోగ్రామ్‌లో మళ్లీ మళ్లీ నడిచే భాగం) అంతకంటే చాలా వేగంగా తిరుగుతుంది. మీరు చూసేసరికి రెండే వచ్చి ఉండొచ్చు, మిగతా మూడూ తర్వాత రావొచ్చు. అందుకే ఒక్కో బైటునూ చేతికందినట్టే తీసుకుని వరసలో పేర్చుకోవాలి.

ఐదు గదుల అర్రే ఒకటి, "ఎన్నో గదిలో ఉన్నాం" అని గుర్తుంచుకునే వేరియబుల్ ఒకటి పెట్టుకోండి. అర్రే టైపు తప్పకుండా బైట్ అయి ఉండాలి, క్యార్ కాదు. ఎందుకో కింద చెబుతాను. గది సున్నాలో ఉన్నప్పుడు వచ్చిన బైటు 170 కాకపోతే పారేయండి. 170 అయితే దాచుకుని తర్వాతి గదికి వెళ్లండి. ఐదూ నిండాక చెక్‌సమ్ లెక్కవేసి ఐదో గదితో పోల్చండి. సరిపోతే ఆర్డర్ అమలు చేయండి, లేకపోతే అంతా చెరిపేసి మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టండి.

దీనికి గడువు కూడా కావాలి. మూడు బైట్లు వచ్చాక ఫోన్ కనెక్షన్ తెగిందనుకోండి. పావుగంట తర్వాత కొత్త మెసేజ్ వస్తే దాని మొదటి రెండు బైట్లు పాత మూడింటి వెనకే అతుక్కుంటాయి. చివరి బైటు వచ్చి 200 మిల్లీసెకన్లు దాటితే సగంలో ఉన్నదాన్ని పారేసేలా రాయండి. లూప్‌లో ఎక్కడా డిలే వాడొద్దు, సమయమంతా బోర్డు మొదలై ఎన్ని మిల్లీసెకన్లయిందో చెప్పే మిల్లిస్‌తోనే చూసుకోవాలి.

నిమిషాలను మళ్లీ కలపడం సులువు: మూడో బైటును 256తో హెచ్చవేసి నాలుగోది కూడాలి. ఆ జవాబును అన్‌సైన్డ్ (మైనస్ అంకెలు లేని) ఇంట్‌లో పెట్టండి. నిమిషాలను మిల్లీసెకన్లు చేసేటప్పుడు ఇంకో గొయ్యి ఉంది. ఊనోలో ఇంట్ 32767 దాకే పోతుంది. 510 ఇంటు 60000 అంటే మూడు కోట్ల ఆరు లక్షలు. ఆ లెక్కంతా అన్‌సైన్డ్ లాంగ్‌లోనే జరగాలి. 60000 పక్కన యూఎల్ అని తగిలించడం మరిచిపోవద్దు.

నిమిషాలు 720 దాటితే తీసుకోవద్దని కూడా ఒక లైను రాయండి. పన్నెండు గంటలకు మించి ఒకే ఆర్డర్ మీద నడిపే అవసరం మా బావకు లేదు, కాబట్టి అంతకంటే పెద్ద అంకె వచ్చిందంటే ఎక్కడో తప్పు జరిగినట్టే.

చివరిగా జవాబు. ఆర్డర్ అందాక ఆర్డుయినో నుంచి ఫోన్‌కు ఇంకో ఐదు బైట్లు తిరిగి వెళ్లాలి. మొదటిది 85, మిగతా అమరికంతా అదే. వచ్చిన బైట్లనే అద్దంలా తిప్పి పంపితే దానివల్ల ఏమీ తెలియదు. టైమర్‌లో నిజంగా పడిన నిమిషాలను మళ్లీ 256తో విడగొట్టి పంపండి. అప్పుడే ఆర్డుయినో ఏం అర్థం చేసుకుందో ఫోన్‌లో కనిపిస్తుంది.

యాప్

యాప్ ఇన్వెంటర్‌లో బ్లూటూత్ క్లయింట్, ఒక లిస్ట్ పికర్, ఒక క్లాక్, నిమిషాలకు టెక్స్ట్ బాక్స్, నాలుగు బటన్లు, నాలుగు లేబుల్స్ పెట్టుకోండి. లిస్ట్ పికర్ తెరుచుకునే ముందు దాని ఎలిమెంట్స్‌లో అడ్రసెస్ అండ్ నేమ్స్ నింపాలి, ఎంచుకున్నాక కనెక్ట్ పిలవాలి. ఆండ్రాయిడ్ 12, ఆపై ఫోన్‌లలో నియర్‌బై డివైసెస్ పర్మిషన్ ఇవ్వకపోతే కనెక్షన్ ముందుకు సాగదు.

పంపడానికి సెండ్ బైట్స్ బ్లాక్ వాడండి. దానికి ఐదు అంకెల లిస్ట్ ఇవ్వాలి: 170, ఆర్డర్ నంబరు, క్వోషెంట్ బ్లాక్‌తో వచ్చిన భాగఫలం, మాడ్యులో బ్లాక్‌తో వచ్చిన శేషం, చెక్‌సమ్. సెండ్ టూ బైట్ నంబర్ అనే బ్లాక్ కూడా ఉంది. అది హై బైట్ ఫస్ట్ అనే సెట్టింగ్‌ను బట్టి వరస మార్చేస్తుంది. మనమే భాగించి పంపితే వరస మన చేతిలో ఉంటుంది, నాకు అదే నచ్చింది.

క్లాక్‌ను 200 మిల్లీసెకన్లకు పెట్టి, ప్రతిసారీ బైట్స్ అవైలబుల్ చూడండి. ఐదు కంటే తక్కువుంటే చదవొద్దు. తొందరపడి రిసీవ్ పిలిస్తే బైట్లు వచ్చేదాకా యాప్ బిగుసుకుపోతుంది. చదివేటప్పుడు రిసీవ్ అన్‌సైన్డ్ బైట్స్ అనే బ్లాక్‌నే ఎంచుకోండి. సైన్డ్ అన్న బ్లాక్ 254ను మైనస్ 2గా చూపిస్తుంది. కాట్లిన్‌లో, జావాలో రాసేవాళ్లకూ ఇదే ఇబ్బంది. అక్కడి బైట్ మైనస్ 128 నుంచి 127 దాకే ఉంటుంది కాబట్టి చదివిన ప్రతి బైటునూ 255తో ఆండ్ చేసుకోవాలి.

బటన్ నొక్కగానే లేబుల్ మార్చేయకండి. జవాబు వచ్చాకే, జవాబులోని నిమిషాలతోనే మార్చండి. సెకనులో రాకపోతే మళ్లీ పంపాలి, మూడుసార్లకూ రాకపోతే ఎర్ర రంగులో "అందలేదు" అని చూపాలి. నిద్రమత్తులో ఫోన్ చూసే మనిషికి ఆ ఒక్క మాట ఎంత అవసరమో షెడ్డులో పడుకున్నవాళ్లకు తెలుసు.

పరీక్ష: 1 పంపి సరిపెట్టుకోవద్దు

మేం మోటార్లకు కలపకుండా ప్యానెల్ పక్కన నాలుగు బల్బులు పెట్టి మొదలుపెట్టాం. ఒక నిమిషం, ఐదు నిమిషాలు, వంద నిమిషాలు అన్నీ సరిగ్గా వచ్చాయి. రాత్రి పదింటికి మూడో బల్బుకు 510 పెట్టి నేను ఇంటికి వచ్చేశాను. నడిరాత్రి బావ ఫోన్.

"ఏమయ్యా, ఆరున్నర దాకా అన్నావే. రెండున్నరకు లేచి చూస్తే మూడో బల్బు ఆరిపోయుండాదే!"

తెల్లారి వెళ్లి సీరియల్ మానిటర్ పెట్టి చూస్తే 510కి బదులు 254 ఉంది. తేడా సరిగ్గా 256. అర్రేను నేను క్యార్ అని రాశాను. ఊనోలో క్యార్ అంటే సైన్డ్, అందులో 254 మైనస్ 2 అయిపోతుంది. 256లోంచి 2 పోతే 254 నిమిషాలు, అంటే రాత్రి రెండుంపావు లోపే ఆగిపోయింది. వంద దాకా అన్నీ సరిగ్గా వచ్చాయంటే, 127 లోపు బైట్లకు ఈ తప్పు కనిపించదు కాబట్టే. బల్బు కాబట్టి ఆరిపోయి ఊరుకుంది. అక్కడ ఏరియేటర్ ఉండి, గుంటలో పట్టుబడికి దగ్గరపడిన రొయ్య ఉంటే తెల్లవారేసరికి ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

చెక్‌సమ్ ఎందుకు పట్టుకోలేదో చూడండి. 3 + 1 మైనస్ 2 కూడా 2 అవుతుంది. దారిలో బైటు చెడితే చెక్‌సమ్ చెబుతుంది. చక్కగా వచ్చిన బైటును మనం తప్పుగా చదివితే ఏ చెక్‌సమ్మూ చెప్పలేదు. వరస తారుమారైనా అంతే. 254 ముందనుకుని చదివితే 65025 నిమిషాలు, నలభై ఐదు రోజులు! కూడిక మాత్రం మారదు. ఈ తప్పును 720 హద్దు పట్టుకుంటుంది. సైన్డ్ తప్పును జవాబులో తిరిగొచ్చిన నిమిషాలు పట్టిస్తాయి.

అందుకని మీ పరీక్ష అంకెలు ఇవి: 510, ఎందుకంటే దాని రెండు బైట్లూ వేరు, ఒకటి 127 పైన ఉంది, చెక్‌సమ్ 255 దాటుతుంది. 170, ఎందుకంటే నిమిషాల్లోనే మొదలు గుర్తు వస్తుంది. 256, ఎందుకంటే వెనక బైటు సున్నా అవుతుంది. 0, 721 పంపితే తిరస్కరించాలి. మెసేజ్ మధ్యలో ఫోన్ బ్లూటూత్ ఆపేసి, మళ్లీ కలిపి పంపి చూడండి. ఇవన్నీ దాటాకే మోటారు జోలికి వెళ్లాలి.

మోటారుకు కలిపేటప్పుడు

చిన్న రిలే మాడ్యూల్‌తో త్రీఫేజ్ మోటారును నేరుగా తిప్పొద్దు. రిలే కాంటాక్టర్ (మోటారు కరెంటును తట్టుకునే పెద్ద స్విచ్చు) కాయిల్‌ను ఆన్ చేయాలి, కాంటాక్టర్ మోటారును ఆన్ చేయాలి, ఓవర్‌లోడ్ రిలే ఎక్కడిదక్కడే ఉండాలి. నీళ్ల పక్కన కరెంటు పని కాబట్టి ఇది తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. చేత్తో వేసే స్విచ్చులను తీసేయకుండా, ఆటో, మాన్యువల్ మార్చుకునే సెలెక్టర్ పెట్టించండి.

రిలే మాడ్యూళ్లలో చాలావాటికి పిన్ లో అయితే ఆన్, హై అయితే ఆఫ్. పిన్‌ను అవుట్‌పుట్‌గా మార్చే లైనుకు ముందే దానికి హై ఇచ్చేయండి, లేకపోతే కరెంటు వచ్చిన ప్రతిసారీ నాలుగూ ఒక్క క్షణం టపటపలాడతాయి.

ఫోన్ కనెక్షన్ తెగినంత మాత్రాన మోటారు ఆగకూడదు. ఆర్డర్ అందాక టైమర్ ఆర్డుయినోదే, ఫోన్ ఇంటికి వెళ్లిపోయినా నడవాలి. కరెంటు పోయి వస్తే? మిగిలిన నిమిషాలను పది నిమిషాలకోసారి ఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) రాసుకుంటే వచ్చాక అక్కడి నుంచే కొనసాగుతుంది. ఊనో ఈప్రామ్‌లో ఒక గదికి లక్షసార్లు రాయొచ్చని లెక్క. రాత్రింబవళ్లు పది నిమిషాలకోసారి రాసినా రోజుకు 144 సార్లే, దాదాపు రెండేళ్లు వస్తుంది. ఇక్కడా నిమిషాలు అవే రెండు బైట్లుగా, అదే వరసలో వెళతాయి. తిరిగి మొదలయ్యేటప్పుడు నాలుగు మోటార్లనూ ఒకేసారి లేపకుండా పదేసి సెకన్ల తేడా పెట్టండి. మోటారు లేచేటప్పుడు లాగే కరెంటు, తిరిగేటప్పటికంటే ఐదారు రెట్లుంటుంది.

దూరం, పెట్టె

హెచ్‌సీ-05 నమ్మకంగా పనిచేసేది పది మీటర్ల దాకే. ఎకరం గుంట చదరంగా ఉందనుకుంటే ఒక పక్కే అరవై మీటర్లు దాటుతుంది. షెడ్డులో ప్యానెల్‌కు సరిపోతుంది కానీ అవతలి గట్టు నుంచి నడవదు. అంత దూరం కావాలంటే ఈఎస్‌పీ32తో సొంత వైఫై పెట్టుకోవచ్చు, ఇంకా దూరమైతే మన దేశంలో లైసెన్స్ అక్కర్లేని 865–867 మెగాహెర్ట్జ్‌లో లోరా అనే ఎక్కువ దూరం వెళ్లే రేడియో వాడుకోవచ్చు. మీరు కాగితం మీద రాసుకున్న ఐదు బైట్లు ఏ దారిలోనైనా అవే.

మొదట మేం అంతా ఇనప ప్యానెల్ లోపలే పెట్టాం. తలుపు తీసి ఉంటే పనిచేసేది, మూయగానే ఫోన్‌కు దొరికేది కాదు. ఇనుము సిగ్నల్‌ను ఆపేస్తుంది. ఊనోను, బ్లూటూత్ మాడ్యూల్‌ను ప్లాస్టిక్ పెట్టెలో ప్యానెల్ బయట బిగించి, రిలేలకు వెళ్లే వైర్లు మాత్రం లోపలికి పంపాం. మైపాడు ఉప్పుగాలికి రాగి పచ్చబడిపోతుంది కాబట్టి ఆ పెట్టెకు రబ్బరు బీడింగ్ ఉండాలి, వైర్లు దూరే రంధ్రాలు కింది వైపే పెట్టాలి, జంపర్ వైర్లు తీసేసి జాయింట్లన్నీ టంకం వేసుకోవాలి.